మన్యం దారులకు జిమ్నీ ఎత్తు పెంచాలనుకుంటున్నాను: ఏ కిట్టు, ఎంత ఎత్తు?

మత్స్యగెడ్డ, మధురవాడ
శుక్రవారం రాత్రి 9:10

సభ్యులందరికీ నమస్కారం. నేను మారుతి వారి ఐదు తలుపుల జిమ్నీ, గేర్లు చేత్తో మార్చే రకం, కొని రెండేళ్లు కావస్తోంది. మా అమ్మగారు ముంచంగిపుట్టు మండలంలోని మా ఊళ్లోనే ఉంటున్నందున నెలకు రెండుసార్లు ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకు దాటి వెళ్లి వస్తుంటాను. తారు రోడ్డు వదిలిన తరువాత చివరి తొమ్మిది కిలోమీటర్లు రాళ్లు తేలిన బండి బాట; మధ్యలో రెండు గెడ్డలు (కొండ వాగులు) దాటాలి. వెళ్లేటప్పుడు బియ్యం బస్తాలు, ఇంటి సరుకులు ఉంటాయి. వచ్చేటప్పుడు పసుపు, మిరియాలు, ఒక్కోసారి అమ్మ కూడా ఉంటారు.

గత శ్రావణ మాసంలో రెండో గెడ్డ దాటి గట్టు ఎక్కుతుండగా బండి అడుగు భాగం గుండు రాయికి తగిలి అక్కడే ఆగిపోయింది. ఊరివాళ్లు నలుగురు వచ్చి, గునపాలతో రాయిని పక్కకు దొర్లించిన తరువాతే బయటపడ్డాను. అప్పటినుంచి ఎత్తు పెంచాలనే ఆలోచన ఉంది. నగరంలో ఒక దుకాణం వారు 50 మి.మీ. లిఫ్ట్ కిట్టు, దానితోపాటు 235/75 ఆర్15 టైర్లు సూచించారు. మరొకరు స్ప్రింగుల కింద దిమ్మలు పెడితే చాలు, నాలుగో వంతు ఖర్చులో అయిపోతుందంటున్నారు. అనుభవం ఉన్నవారు దారి చూపాలని కోరుతున్నాను.

పాత జిప్సీ, సీతమ్మధార
శుక్రవారం రాత్రి 10:25

మత్స్యగెడ్డ గారూ, కిట్టు సంగతికి ముందు ఒక ప్రశ్న. రాయి తగిలింది బండిలో ఏ భాగానికి? చాసిస్‌కా, గేర్‌బాక్స్ అడుగుకా, ఇరుసు మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండుకా? ఈ జవాబు మీద మీ ఖర్చు మొత్తం ఆధారపడి ఉంటుంది.

జిమ్నీకి ముందూ వెనుకా రెండూ గట్టి ఇరుసులే. కంపెనీ చెప్పే 210 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్సును కొలిచేది ఆ గుండు కిందనే. మీరు ఎంత పొడవైన స్ప్రింగులు వేసినా పైకి లేచేది చాసిస్, బాడీ మాత్రమే. ఇరుసు చక్రాలకు బిగించి ఉంటుంది కనుక గుండు ఉన్నచోటే ఉంటుంది. గుండు లేవాలంటే టైరు వ్యాసం పెరగాలి, అదీ పెరిగిన దానిలో సగమే దక్కుతుంది. కంపెనీ ఇచ్చిన 195/80 ఆర్15 టైరు వ్యాసం లెక్క ప్రకారం 693 మి.మీ., దుకాణం వారు చెప్పిన 235/75 ఆర్15 వ్యాసం 733 మి.మీ. అంటే తేడా 40. ఇరుసు కింద మీకు అదనంగా వచ్చేది 20 మి.మీ. మాత్రమే. అదే 215/75 ఆర్15 వేస్తే గట్టిగా 5 మి.మీ. పెరుగుతుంది.

లంబసింగి మంచు, నర్సీపట్నం
శనివారం ఉదయం 6:50

పాత జిప్సీ గారి లెక్క సరైనదే కానీ, దానివల్ల లిఫ్ట్ కిట్టు పనికిరాదనే అభిప్రాయం కలగకూడదు. నేను ఏడాదిన్నరగా 50 మి.మీ. కిట్టుతోనే చింతపల్లి, సీలేరు వైపు తిరుగుతున్నాను. ఐదు తలుపుల జిమ్నీ చక్రాల మధ్య దూరం 2,590 మి.మీ., మూడు తలుపుల దానికన్నా 340 మి.మీ. ఎక్కువ. గట్టు మీదకు ముందు చక్రాలు ఎక్కి దిగేటప్పుడు నడుము తగిలేది అందుకే. కంపెనీ చెప్పే నడుము కోణం (అడుగు తగలకుండా దాటగలిగే మిట్ట కోణం) 24 డిగ్రీలు. చాసిస్ 50 మి.మీ. లేస్తే నా లెక్కన అది 28 డిగ్రీల దాకా వస్తుంది. గెడ్డ గట్టుల మీద ఈ నాలుగు డిగ్రీల విలువ నాకు బాగా తెలుసు.

మత్స్యగెడ్డ
శనివారం మధ్యాహ్నం 1:15

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం బండిని ర్యాంపు ఎక్కించి కింద పడుకుని చూశాను. వెనుక డిఫరెన్షియల్ గుండు అడుగున అరచేతి వెడల్పున రంగు లేచిపోయి, రాయి గీసిన చారలు మూడు స్పష్టంగా ఉన్నాయి. గేర్‌బాక్సును మోసే అడ్డపట్టీకి కూడా ఒక చిన్న సొట్ట ఉంది కానీ అది పాతదిలా తుప్పు పట్టి కనిపించింది. కాబట్టి ఆరోజు నన్ను ఆపింది గుండే. ఇంకొక సంగతి గమనించాను: ఆ ప్రయాణంలో వెనుక మూడు బియ్యం బస్తాలు ఉన్నాయి.

ఆటోనగర్ పానా, గాజువాక
శనివారం రాత్రి 8:40

పాతికేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మొదట దిమ్మల విషయం. అలాగే ఉన్న స్ప్రింగు కింద 50 మి.మీ. దిమ్మ పెడితే బాడీ లేస్తుంది, కానీ షాక్ అబ్జార్బరు పాతదే. దాని పొడవు పెరగదు కనుక చక్రం కిందికి జారగలిగే దూరంలో ఆ 50 మి.మీ. కోసుకుపోతుంది. గుంతలో చక్రం దిగినప్పుడు షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగి టక్కున ఆగుతుంది. ప్రతి గుంతకూ ఆ దెబ్బ దాని లోపలి పిస్టన్ కడ్డీ మీద, పైన బిగించిన బుష్ (రబ్బరు తొడుగు) మీద పడుతుంది. నా దగ్గరకు ఇలా వచ్చిన బండ్లలో కడ్డీ సీలు చుట్టూ నూనె కారి, దుమ్ము పట్టి నల్లగా పేరుకుని ఉంటుంది. రాళ్ల దారిలో చక్రం కిందికి జారగలగడమే పట్టు. అది పోగొట్టుకుని ఎత్తు సంపాదించడం నాకు నచ్చదు. దిమ్మలు పెట్టిన వారెవరైనా షాక్ అబ్జార్బర్లను కూడా అదే కొలతకు పొడవైనవి వేయాలి.

రెండవది క్యాస్టర్, అంటే స్టీరింగు తిప్పినప్పుడు ముందు చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలి ఉండే కోణం. జిమ్నీ ముందు ఇరుసును రెండు పొడవైన ఆర్ములు చాసిస్‌కు పట్టి ఉంచుతాయి. చాసిస్ లేచినప్పుడు ఆ ఆర్ములు వాలతాయి, వాటితోపాటు ఇరుసు కూడా ముందుకు తిరుగుతుంది. ఆర్ము పొడవు 700 మి.మీ. అనుకుంటే, 50 మి.మీ. ఎత్తుకు తిరిగే కోణం సుమారు 4 డిగ్రీలు. అంత క్యాస్టర్ తగ్గితే మలుపు తిరిగిన తరువాత స్టీరింగు తనంతట తాను మధ్యకు రాదు. ఆనందపురం–అనకాపల్లి ఆరు వరుసల రోడ్డు మీద 90 వేగంలో బండి తేలుతున్నట్టు అనిపిస్తుంది. దీన్ని సరిచేయడానికి రంధ్రం పక్కకు జరిపిన బుష్‌లు దొరుకుతాయి. 50 మి.మీ. కిట్టు వేసి ఆ బుష్‌లు వేయకుండా పంపే దుకాణాన్ని నమ్మవద్దు.

మూడవది పాన్‌హార్డ్ కడ్డీ, అంటే ఇరుసు పక్కలకు జరగకుండా పట్టి ఉంచేది. ఒక కొన ఇరుసుకు, మరో కొన చాసిస్‌కు బిగించి ఉంటుంది కాబట్టి బాడీ లేచినప్పుడు ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. దారానికి బరువు కట్టి రెండు ఫెండర్ల (చక్రాల పై రేకుల) అంచుల నుంచీ వేలాడదీసి, టైరు దాకా ఎంత దూరం ఉందో రెండు వైపులా కొలవండి. తేడా కనిపిస్తే పొడవు మార్చగలిగే కడ్డీ కావాలి.

వీటితోపాటు బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకోకుండా ఉన్నాయో లేదో చూడాలి. హెడ్‌లైట్లు కిందికి సర్దాలి. పాత తరం వాహనాలలో వెనుక బరువును బట్టి బ్రేకు ఒత్తిడిని మార్చే వాల్వు ఉంటుంది. బాడీ లేస్తే ఆ వాల్వు బండి ఖాళీగా ఉందనుకుని వెనుక బ్రేకును తగ్గిస్తుంది. జిమ్నీకి కాకపోయినా, ఇది చదివే పాత బండ్లవారు గుర్తుంచుకోండి.

భీమిలి తీరం, భీమునిపట్నం
ఆదివారం ఉదయం 9:05

నాది 2015 నాటి పాత థార్. ముందు టార్షన్ బార్ (స్ప్రింగులా పనిచేసే మెలి కడ్డీ) బోల్టు బిగిస్తే ఎత్తు ఉచితంగా వస్తుందని విన్నాను. నిజమేనా? వెనుక కమాన్ కట్టలు కూడా చప్పబడ్డాయి.

ఆటోనగర్ పానా
ఆదివారం ఉదయం 11:30

వస్తుంది, కానీ పైన దిమ్మల గురించి చెప్పిన నష్టమే ఇక్కడా ఉంది: చక్రం కిందికి జారే దూరం తగ్గుతుంది, యాక్సిల్ కీళ్ల కోణం పెరిగి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. కట్టలు చప్పబడిన కారణంగా వెనుక కుంగిన బండికి ముందు ఎత్తితే చూపు ఆకాశానికి ఉంటుంది. మీరు ముందుగా కమాన్ కట్టలు విప్పించి, ప్రతి పట్టీ వంపు చూపించుకోండి. సముద్రానికి దగ్గరలో ఉన్నవారి బండ్లలో పట్టీల మధ్య తుప్పు పొరలుగా లేచి, పట్టీలు ఒకదానిపై ఒకటి జారకుండా పట్టేస్తుంది. సగం గట్టిదనం దానివల్లే. ఉప్పు గాలిలో నిలిపే బండికి నెలకొకసారైనా అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించండి. మీ ప్రశ్నను విడిగా పెడితే ఇంకా వివరంగా మాట్లాడుకుందాం; ఇక్కడ జిమ్నీ సంగతి సాగనిద్దాం.

జగదాంబ కూడలి
ఆదివారం సాయంత్రం 5:20

నేను మెకానిక్కును కాను, చట్టం వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని యజమాని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే సంవత్సరం జరిగిన సవరణతో 182ఎ సెక్షన్ చేరింది; అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. బుల్ బార్ల మీద కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసిన సంగతి కూడా గుర్తు చేస్తున్నాను, ఎందుకంటే చాలా కిట్టులను బంపరుతో కలిపి అమ్ముతున్నారు.

జరిమానా కన్నా నాకు భయం కలిగించేది బీమా. ఘాట్‌లో ప్రమాదం జరిగిన తరువాత సర్వేయరు వచ్చి పెద్ద టైర్లు, ఎత్తు పెంచిన స్ప్రింగులు చూసి ప్రశ్నలు వేసే స్థితి మీకు రాకూడదు. ఏ మార్పు చేసినా ముందుగా రవాణా కార్యాలయంలో అడగండి, బీమా సంస్థకు లిఖితపూర్వకంగా తెలియజేసి జవాబు దగ్గర ఉంచుకోండి.

లంబసింగి మంచు
ఆదివారం రాత్రి 9:45

చట్టం విషయంలో జగదాంబ కూడలి గారితో ఏకీభవిస్తున్నాను; నేను ఆ పని ఆలస్యంగా చేశాను. పానా గారు చెప్పినట్టు బండి తేలడం కూడా నిజమే, మొదటి మూడు నెలలు బుష్‌లు లేకుండా తిరిగి తరువాత వేయించుకున్నాను. మత్స్యగెడ్డ గారు కిట్టు వేయించాక కొండకు తీసుకెళ్లే ముందు దగ్గరలో ఎర్రమట్టి దిబ్బల వైపు ఒకసారి పరీక్షించి చూడవచ్చు.

పాత జిప్సీ
ఆదివారం రాత్రి 10:10

దయచేసి ఆ సలహాను వెనక్కి తీసుకోండి. ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్లుగా గాలి, నీరు కలిసి పోసిన ఇసుక దిబ్బలు, రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం. ఒక్క చక్రం జాడ పడితే వచ్చే వానకు అదే కాలువగా కోసుకుపోతుంది. బండి పరీక్షకు ఏదైనా ఖాళీ స్థలంలో ఒక చక్రం కింద రెండు సిమెంటు దిమ్మెలు పెట్టి ఎక్కిస్తే, ఏ తీగ బిగుసుకుంటుందో, ఏ టైరు ఎక్కడ రాసుకుంటుందో అరగంటలో తెలిసిపోతుంది.

లంబసింగి మంచు
ఆదివారం రాత్రి 10:20

నిజమే, పొరపాటుగా రాశాను. ఆ వాక్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

పాత జిప్సీ
సోమవారం ఉదయం 7:00

మత్స్యగెడ్డ గారూ, మూడు బస్తాల సంగతి మీరు చివర్లో రాశారు కానీ నాకు అదే ముఖ్యంగా కనిపించింది. ఈ వారాంతం బయలుదేరే ముందు రెండు పనులు చేయగలరా? ఖాళీ బండిలో మీరొక్కరే ఉండగా, మళ్లీ పూర్తి బరువుతో, వే బ్రిడ్జి కాటా మీద తూకం వేయించండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, మొత్తం బండి ఉంచి ఒకసారి. రెండు స్థితులలోనూ నాలుగు చక్రాల దగ్గర చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. ఓల్డ్ మాన్ ఎము, ఐరన్‌మ్యాన్ వంటి ఆస్ట్రేలియా కంపెనీలు స్ప్రింగులను మోసే బరువును బట్టి వేర్వేరు రకాలుగా అమ్ముతాయి. బరువు తెలియకుండా కిట్టు ఎంచుకోవడం చెప్పు కొలత ఇవ్వకుండా చెప్పులు కొన్నట్టే ఉంటుంది.

మత్స్యగెడ్డ
శనివారం రాత్రి 7:30

చెప్పినట్టే చేశాను. ఆనందపురం దగ్గర కాటా ఉన్న పెద్దాయన మొదట ఇంత చిన్న బండికి తూకమెందుకన్నారు, తరువాత ఆసక్తిగా తానే టేపు రెండో కొస పట్టుకున్నారు.

నేనొక్కడినే ఉన్నప్పుడు మొత్తం 1,270 కిలోలు: ముందు 673, వెనుక 597. పక్కన మా శ్రీమతి, వెనుక సరుకులతో 1,520: ముందు 705, వెనుక 815. కంపెనీ అనుమతించిన గరిష్ఠ బరువు 1,545 అని చూసి నాకే కంగారు కలిగింది. వెనుక చక్రం మధ్య నుంచి ఫెండర్ దాకా ఖాళీగా 470 మి.మీ., బరువుతో 430 మి.మీ. ముందు తేడా 6 మి.మీ. మాత్రమే.

పాత జిప్సీ
శనివారం రాత్రి 9:00

చక్కటి కొలతలు. వెనుక ఇరుసు మీద 218 కిలోలు పెరిగితే 40 మి.మీ. కుంగింది. అంటే ఒక్కొక్క స్ప్రింగు గట్టిదనం మి.మీ.కు సుమారు 27 న్యూటన్లు. మీరు గట్టు ఎక్కేటప్పుడు చాసిస్ వెనుక భాగం అప్పటికే 40 మి.మీ. దిగి ఉంది, వెనుక ఇరుసు పైకి కదలగలిగే దూరం అంత మేరకు ముందే ఖర్చయిపోయింది. రాయి మీద బండి నిలిచినప్పుడు బంప్ స్టాపు (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలి, బరువంతా ఆ గుండు మీదే పడి ఉంటుంది.

ఇప్పుడు 50 మి.మీ. మాట పక్కన పెట్టి చూడండి. 20 శాతం ఎక్కువ గట్టిగా, ఖాళీ బండిలో 25 మి.మీ. పైన నిలిచే వెనుక స్ప్రింగులు వేస్తే, అదే బరువుకు కుంగేది 33 మి.మీ. అంటే సరుకులు నిండిన బండి కంపెనీ ఖాళీ ఎత్తుకు 8 మి.మీ. కిందే నిలుస్తుంది. ముందు 20 మి.మీ. చాలు. ఆర్ముల కోణం డిగ్రీన్నరకు కాస్త పైన మారుతుంది, పానా గారు అంగీకరిస్తే బుష్‌లు అవసరం ఉండకపోవచ్చు. గుండుకు మందపాటి ఉక్కు కవచం, టైర్లు అదే కొలతలో అన్ని దారులకు పనికొచ్చే మొరటు గాడులవి. 235 టైరు వేస్తే వేగం చూపే ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు బండి దాదాపు 85లో ఉంటుంది, గేర్లు బరువెక్కుతాయి. నిండు బరువుతో అనంతగిరి ఘాట్ ఎక్కే చిన్న ఇంజనుకు అది అనవసర భారం.

ఆటోనగర్ పానా
శనివారం రాత్రి 9:50

అంగీకరిస్తున్నాను. షరతు ఒకటే: పనికి ముందూ తరువాతా అలైన్‌మెంట్ పత్రం తీసుకోవాలి, స్ప్రింగులతోపాటు వాటికి సరిపడే షాక్ అబ్జార్బర్లు వేయాలి. గట్టి స్ప్రింగును పాత షాక్ అబ్జార్బరు అదుపు చేయలేదు. ఘాట్ దిగేటప్పుడు వెనుక భాగం ఊగుతుంది. ఆర్ముల బుష్‌లను బండి నేల మీద తన బరువుతో నిలిచినప్పుడే చివరిగా బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగే ఉండి ఆరు నెలల్లో చీలుతుంది. ఈ ఒక్క పని సరిగా చేస్తారా లేదా అని దుకాణంలో దగ్గర నిలబడి చూడండి.

లంబసింగి మంచు
ఆదివారం ఉదయం 7:15

నా బండి ఎప్పుడూ బరువు మోయదు, నేనూ కెమెరా సంచీ తప్ప. నాకు 50 సరిపోయింది. మత్స్యగెడ్డ గారి అవసరం వేరని ఆ కాటా చీటీ చూశాకే నాకు అర్థమైంది. రాళ్ల బాట మొదలయ్యే చోట టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించి, తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు నింపుకోండి. అది రేపటి నుంచే చేయవచ్చు, ఖర్చు లేదు.

మత్స్యగెడ్డ
ఆదివారం ఉదయం 10:00

ఇంకొక కారణం కూడా రాయాలి, సిగ్గుపడవలసింది ఏమీ లేదు. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇప్పుడే బండి ఎక్కడానికి తలుపు పట్టుకుని ఒక క్షణం ఆగుతారు. దుకాణం వారు చెప్పిన 50 మి.మీ. కిట్టు, పెద్ద టైర్లు కలిస్తే గడప 70 మి.మీ. పైకి వెళ్తుంది. నిన్న ఇటుక మీద చెక్క పెట్టి అంత తేడా చూపిస్తే, ఆమె కాలు పెట్టి చూసి, బస్సులో వస్తానులే అన్నారు. పాత జిప్సీ గారు చెప్పిన కొలతలకే వెళ్తున్నాను.

మత్స్యగెడ్డ
పది వారాల తరువాత, సోమవారం రాత్రి 8:20

పని పూర్తయి, వానాకాలం ప్రయాణాలు నాలుగు జరిగాయి కనుక ఫలితం రాస్తున్నాను. రవాణా కార్యాలయంలో అడిగి, బీమా సంస్థకు లేఖ రాసి, వారి జవాబు అందిన తరువాతే పని మొదలుపెట్టించాను. బిగింపు చివర్లో కుర్రవాడు బండి జాకీల మీద ఉండగానే ఆర్ము బోల్టులకు పానా వేయబోతే, ఆపి, బండిని దింపించి, ముందూ వెనుకా నాలుగుసార్లు ఊపించి అప్పుడు బిగించమన్నాను. ఆటోనగర్ పానా గారికి ప్రత్యేక కృతజ్ఞతలు.

అదే సరుకులతో వెనుక ఇప్పుడు 461 మి.మీ. వస్తోంది; లెక్క 462 అని చెప్పింది. క్యాస్టర్ డిగ్రీన్నర తగ్గింది, స్టీరింగు మధ్యకు వస్తూనే ఉంది, పెద్ద రోడ్డు మీద బండి తేలడం లేదు. ఇరుసు ఎడమకు 3 మి.మీ. జరిగింది, దాన్ని అలాగే వదిలేశాం. ఖాళీగా నగరంలో తిరిగేటప్పుడు వెనుక కొంచెం గట్టిగా తెలుస్తుంది, ఎన్.ఏ.డి. కూడలి దగ్గర స్పీడ్ బ్రేకర్లను ఇదివరకటి కన్నా నెమ్మదిగా దాటుతున్నాను.

రెండో గెడ్డ గట్టు దగ్గర గుండు మళ్లీ ఒకసారి రాయిని తాకింది, కవచం మీద గీత పడింది, బండి ఆగలేదు. ఆ రాయి ఎడమ పక్కన చక్రం పెట్టే చోటు కూడా ఇప్పుడు నాకు తెలిసింది. అమ్మ నిన్న మాతోనే విశాఖ వచ్చారు. ఎక్కడానికి చిన్న చెక్క పీట ఒకటి చేయించి వెనుక సీటు కింద ఉంచాను, ఆమె దాన్ని తానే తీసి తానే లోపల పెట్టుకుంటున్నారు.